పొడి గోడకి నీళ్ళు

ఇంజనీరు వేలి కణుపుతో గోడను తట్టాడు. తలుపు దగ్గర మొదలుపెట్టి కిటికీ దాకా, పుచ్చకాయలు బేరమాడే మనిషిలా, చెవి వంచి ఒక్కొక్క చోటే తట్టుకుంటూ వెళ్ళాడు. మూలకు చేరాక చేతిరుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నాడు. గోడకు దుమ్ము కూడా లేదు. అయినా తుడుచుకున్నాడు.

"నీళ్ళు ఎన్నాళ్ళు పట్టారమ్మా?" అని అడిగాడు.

గోడలక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పక్కనే ఉన్న మరిది వైపు చూసింది. మరిది అప్పటికే ఇంజనీరు వైపు చూసి నవ్వుతున్నాడు.

ఆమె అసలు పేరు ఫ్యాక్టరీలో ఎవరికీ అక్కర్లేదు. ఆ షెడ్డులో ఇళ్ళు ముక్కలుగా తయారవుతాయి. నేల చేసే జట్టు వేరు, కప్పు చేసే జట్టు వేరు. గోడల జట్టుకు ఆమె పెద్ద కాబట్టి గోడలక్క అయింది. ఆమె భర్తా, మరిదీ కలిసి పెట్టిన ఫ్యాక్టరీ అది. మొదట్లో కాపలావాళ్ళ గదులు, పొలాల్లో సామాను కొట్లు చేసి అమ్మేవాళ్ళు. వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. భర్త వాటిని లారీ మీద మోసుకుపోతూ నెలలో సగం రోజులు దారిలోనే ఉంటాడు. మరిది మాటల మనిషి. నోరు మంచిదైతే ఊరు మంచిదని నమ్మినవాడు. ఆఫీసుల పనంతా అతనిదే.

ఇప్పుడు వాళ్ళు చేసింది కాపలా గది కాదు, నిజమైన ఇల్లు. అందుకే అనుమతి కోసం సర్కారు ఇంజనీరు వచ్చాడు. రెండు గదులు, వంటిల్లు, స్నానాల గది. ఫ్యాక్టరీ ఎదుట ఖాళీ స్థలంలో నమూనాగా నిలబెట్టారు. అలాంటిదే రెండోది షెడ్డులోనే సగం పనిలో ఉంది.

"సార్, ఇందులో సిమెంటే లేదు. నీళ్ళు దేనికి పట్టాలి?" అంది గోడలక్క.

"అది నన్నడిగితే ఎలాగమ్మా? గోడ ఉందా, లేదా?"

"ఉంది."

"గోడ ఉంటే సిమెంటు పూత ఉండాలి. పూత ఉంటే మూడు వారాలు నీళ్ళు పట్టాలి. నేను చూడాలి, చూశానని రాయాలి. ఈ మెట్టు దాటితేగానీ పై మెట్టుకి వెళ్ళలేను."

ఆమె గోడ గురించి ఆమెకు తెలిసినంత ఓపికగా చెప్పింది. చెక్క చట్రం ఉంటుంది. రెండు వైపులా గట్టి పలకలు. మధ్యలో మరలో పెట్టి ఒత్తిన ఎండుగడ్డి. గడ్డి అనగానే అందరూ నవ్వుతారు కానీ, ఊపిరాడనంత గట్టిగా ఒత్తాక దానికి నిప్పు కూడా తేలిగ్గా అంటుకోదు. ఎండకు వేడెక్కదు, చలికి చల్లబడదు. దానికి ఉన్న శత్రువు ఒక్కటే, నీళ్ళు. అందుకే బయట వేలెడంత సందు వదిలి రేకు తొడుగుతారు. వాన ఆ రేకు మీదనుంచే జారిపోతుంది. షెడ్డు లోపల గోడల జట్టు టీ కూడా తాగదు. ఎవరికి దాహం వేసినా బయటికి వెళ్ళాల్సిందే.

ఇంజనీరు అంతా విన్నాడు. తల ఊపాడు. తన సంచిలోంచి తన సీసా తీసుకుని, తన నీళ్ళు తాను తాగాడు. మరిది తెప్పించిన టీ వైపు కన్నెత్తి చూడలేదు.

అదే అసలు బాధ. ఆ మనిషి చెయ్యి చాచేవాడు కాదు. చాచేవాడైతే మరిది ఏదో ఒకటి చేసేవాడు. ఇతను నిజాయితీపరుడు, మర్యాదస్థుడు, వేళకు వచ్చేవాడు. తడిగుడ్డతో గొంతు కోసేటప్పుడు కూడా గుడ్డ శుభ్రంగా ఉందో లేదో చూసుకునే రకం.

పైవాళ్ళతో మాట్లాడదామని వదినా మరిదీ పెద్దాఫీసుకు వెళ్ళారు. పెద్దాఫీసరు కుర్చీలో వెనక్కి వాలి, బండి తాళంచెవిని చెవిలో పెట్టి తిప్పుకుంటున్నాడు. తిప్పడం అయ్యాక తాళంచెవి కొసను వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. చూసుకుని, ఆ గుబిలిని ఎదురుగా ఉన్న వాళ్ళ ఫైలు అట్టకే తుడిచాడు. ప్రయోగశాల వాళ్ళు ఇచ్చిన నిప్పు పరీక్ష, బరువు పరీక్ష, గాలి పరీక్ష, అన్నీ ఆ అట్ట కిందే ఉన్నాయి.

"ఏంటిది, గడ్డిల్లా? ఆవులొచ్చి తినేస్తే?" అన్నాడు పెద్దాఫీసరు.

గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డ గుమాస్తా కూడా నవ్వాడు.

"మేతే సార్, కానీ మా వదిన ఆవుల్ని దగ్గరికి రానివ్వదు," అని మరిది కూడా నవ్వాడు.

నవ్వుకో, బాగా నవ్వుకో అనుకుంది ఆమె మనసులో. ఇంట్లో అన్నం తినేటప్పుడు ఈ గోడలు మన పిల్లలన్నావు. ఇక్కడికొచ్చి ఆవుల మేతన్నావు.

"పరీక్షలన్నీ పాసయ్యాయి సార్," అంది పైకి. "చూడండి."

"పాసై ఉంటాయమ్మా, కాదనను. కానీ ఇల్లన్నాక నీళ్ళు పట్టాలి కదా. మా తాతల కాలం నుంచీ ఉన్నదే. దాన్ని తీసెయ్యాలంటే పైన కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోవాలంటే..." అని ఆయన కిటికీ బయటికి చూశాడు. కమిటీ అక్కడెక్కడో చెట్టు కింద నిద్రపోతున్నట్టు.

వాళ్ళు వరండాలోకి వచ్చాక, ఆ ఆఫీసులోనే ఉన్న ఇంజనీరు వెనకాలే వచ్చాడు. గొంతు తగ్గించి, చాలా దయగా అన్నాడు.

"మీరు మంచివాళ్ళమ్మా. మీ మంచికే ఒక మాట చెబుతాను. ఇల్లు ఇల్లులా కనబడేలా చేయండి. నాకు పూత కనబడాలి, తడి కనబడాలి. లోపల ఏముందని నేనడిగానా?"

మరిది రెండు చేతులూ జోడించాడు. గోడలక్క చేతులు మాత్రం సంచీ పట్టుకునే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం ఆమె బడికి వెళ్ళింది. చదువుకోవడానికి ఎవరూ లేని బడి అది. ఏరు పొంగి ఒడ్డు వెంబడి ఉన్న వీధి మొత్తం కొట్టుకుపోయాక, ఆ నలభై కుటుంబాలనూ తెచ్చి ఈ గదుల్లో పెట్టారు. నమూనా ఇంటికి అనుమతి వస్తే దానితో కలిపి అలాంటివే నలభై కొని వాళ్ళకిస్తామని ఊరి పాలకవర్గం మాటిచ్చింది. వాళ్ళలో గోడలక్క పిన్ని కూడా ఉంది. తల్లి పోయాక ఆమెను పెంచింది ఆ పిన్నే. మా ఇంటికొచ్చెయ్ అని ఎన్నిసార్లు బతిమాలినా రాలేదు.

"నేనొస్తే నా పేరు కొట్టేస్తారే. పేరు పోతే ఇల్లు పోతుంది. నాకంటూ ఒక తలుపుండాలి, లోపలనుంచి గడియ పెట్టుకోవాలి. అంతే," అనేది.

నల్లబల్ల కింద పిన్ని పరుపు. పక్క కుటుంబానికీ ఆమెకూ మధ్య తాడుకు కట్టిన దుప్పటి. నేల మీద నెమ్ము ఎప్పటికీ ఆరదు. వాడకానికి మించి వాడిన మరుగుదొడ్ల వాసన వరండా దాటి గదిలోకి వచ్చేది, బియ్యం డబ్బాలోకి కూడా వెళ్ళేది. పిన్నికి పాత ఆయాసం. నెమ్ము తగిలితే ఛాతీలో పిల్లికూతలు లేస్తాయి. ఆ రోజు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి తెచ్చుకుని మళ్ళీ మాట్లాడింది.

"ఏమన్నాడే మీ ఆఫీసరు?"

"చూస్తామన్నాడు."

"చూసుకోమను. కళ్ళున్నంత కాలం చూసుకోవచ్చు. నా ఊపిరే అంత కాలం ఉండేట్టు లేదు," అని పిన్ని నవ్వబోయింది. నవ్వు దగ్గయింది.

డాక్టరు ఒకటే చెప్పాడు. ఈమెకు పొడి గది కావాలి, మందుల కన్నా ముందు.

ఇంటికి వచ్చేసరికి మరిది గడప దగ్గరే కాచుకుని ఉన్నాడు.

"ఒక్క నాటకం వదినా. ఒక్కటంటే ఒక్కటి. రేకు విప్పేసి పలక మీద ఇనుప జాలీ కొట్టి పూత పూయిద్దాం. ఆయన కోసం నాలుగు నీళ్ళు చల్లుదాం. కాగితం చేతికొచ్చాక ఒలిచేసి మన రేకు మనం తొడుక్కుందాం. మిగతా ఇళ్ళకి ఈ గోలే ఉండదు."

"గోడ చస్తుంది."

"ఒక్క గోడే కదా. పిన్ని బతుకుతుంది."

గోడలక్క అవుననలేదు, కాదనలేదు. ఆ ఇంట్లో మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మరిదికి ఆ సంగతి తెలుసు.

తాపీమేస్త్రీ వచ్చి పలక మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి అందరినీ ఒకసారి చూశాడు.

"నా జన్మలో ఇటుకకి పూశాను, రాయికి పూశాను. అట్టపెట్టెకి పూయమన్నవాళ్ళు మీరే," అన్నాడు.

"నువ్వు పూయి బాబాయ్, తర్వాత సంగతి మేం చూసుకుంటాం," అన్నాడు మరిది.

"చూసుకోవడానికి ఏముంటుంది, పేడకుప్ప తప్ప? సరే, నాదేం పోయింది."

పూశాడు. ఆ మర్నాటి నుంచి పొద్దునా సాయంత్రం మరిది స్వయంగా గొట్టం పట్టుకుని ఇంటికి నీళ్ళు కొట్టాడు. తడవకూడని ఇంటిని తడపడం చూడటానికి షెడ్డులోని పనివాళ్ళందరూ గేటు దగ్గర గుమిగూడేవాళ్ళు.

"ఎరువు కూడా వేయండి బాబూ, మూడో గది మొలుస్తుంది!" అని అరిచాడు కప్పు జట్టులో ఒకడు.

మరిది కూడా వాళ్ళతో కలిసి నవ్వి, గొట్టాన్ని వాళ్ళ మీదకు తిప్పాడు. అంతా కేరింతలు. గోడలక్క మాత్రం ఆ వైపు కిటికీకి గోనెపట్టా కట్టేసింది. అయినా వినబడేది. పూత మీద నీళ్ళు పడే చప్పుడు, తర్వాత ఆ నీళ్ళను గోడ లోపలికి పీల్చుకునే చప్పుడు. రెండోది నిజంగా వినబడేదో, ఆమెకే అనిపించేదో ఆమెకు తెలియదు.

ఇంజనీరు మధ్యలో రెండుసార్లు వచ్చాడు. తడి పూత మీద అరచెయ్యి ఆనించి, చల్లగా ఉందని సంతృప్తిపడి, చెయ్యి తుడుచుకుని వెళ్ళాడు. నిమ్మకు నీరెత్తినట్టు ఉండే ఆ మొహంలో మొదటిసారి కొంచెం సంతోషం కనిపించింది. తనకు తెలిసిన గోడను చూశాడు కదా.

అనుమతి వచ్చింది. మరిది బిస్కెట్ల డబ్బాలు తెచ్చి షెడ్డంతా పంచాడు. గోడలక్క చేతిలో కూడా ఒకటి పెట్టాడు. ఆమె దాన్ని పట్టుకునే కాగితం చదివింది. మొదటి వాక్యంలోనే చెప్పేశారు. నలభై ఇళ్ళూ నమూనాకు ఏ విషయంలోనూ తేడా లేకుండా ఉండాలి. జాలీ, పూత, మూడు వారాల నీళ్ళు, అన్నీ. అలాగే చేస్తానని గోడల పని చూసే మనిషి సంతకం పెట్టాలి. అంటే ఆమే.

"ఒక్కటే నాటకమన్నావు," అంది.

మరిది బిస్కెట్ల డబ్బా మూత బిగించాడు.

"ఇంకో ముప్ఫై తొమ్మిది. పోయేదేముంది వదినా? పైన ఇంకాస్త మందంగా పూయిస్తే లోపలి సంగతి బయటికి రాదు. వాళ్ళకి కావాల్సింది ఇల్లు. మనకి కావాల్సింది పని."

బిస్కెట్టు ఆమె వేళ్ళ మధ్య పొడి అయిపోయింది.

మూడో రోజు నమూనా ఇంటికి నంబరు పలక కొట్టడానికి ఇంజనీరు వచ్చాడు. ఇల్లు చూపిద్దామని మరిది పిన్నిని కూడా బడి నుంచి తీసుకొచ్చాడు. పిన్ని ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, గుమ్మంలో నిలబడి లోపలికి తొంగిచూస్తోంది. గోడలక్క షెడ్డులోంచి రంపం తీసుకుని వచ్చింది.

ఇంట్లోకి అడుగు పెట్టగానే తెలిసింది. కొత్త ఇంటి వాసన కాదు అది. మూతపెట్టి మరిచిపోయిన గిన్నె వాసన. కొన్నాళ్ళుగా గాలి అటు నుంచి వీచినప్పుడల్లా ఆమెకు తగులుతూనే ఉంది. లోపల గోడ కింది భాగం ఉబ్బి, పలక రంగు మారి, మచ్చలు మచ్చలుగా నల్లబడింది. ఆమె ఎవరితోనూ ఏమీ అనకుండా మోకాళ్ళ మీద కూర్చుని కోసింది.

పలక కోయాల్సిన పని కూడా పెద్దగా లేకపోయింది. తడిసిన రొట్టెలా ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనక గడ్డి లేదు. గడ్డిగా ఉండాల్సినదంతా నల్లటి జిగురై, ముద్దలు ముద్దలుగా నేల మీదకి జారింది. దాంట్లో తెల్లటి సన్నపు పురుగులు, వెలుతురు తగలగానే ఒకదాని కిందకి ఒకటి దూరాయి. ఆ ముద్దలోంచి వెచ్చటి ఆవిరి లేచింది. వెచ్చగా ఉండటమే ఆమెకు అన్నిటికన్నా రోతగా అనిపించింది. తన చేతులతో ఒత్తిన గోడ. అది బతికి ఉన్నప్పుడు ఎప్పుడూ వెచ్చగా లేదు.

"ఎలుకేదో చచ్చినట్టుంది," అన్నాడు మరిది.

ఇంజనీరు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. రుమాల్లోంచే మాట్లాడాడు.

"ఎందుకు తెరిచారమ్మా? మూసిన గోడకి కదా అనుమతి ఇచ్చింది. తెరిస్తే మళ్ళీ మొదటి నుంచి రావాలి."

"మీకు కంపు రావట్లేదా సార్?"

"వస్తోంది. కానీ కంపు రాయడానికి నా దగ్గర చోటు లేదు కదా."

"అయితే మా షెడ్డుకి రండి. గోడ మూయక ముందే చూడండి. చట్రం చూడండి, గడ్డి చూడండి, తీగలు, గొట్టాలు ఎక్కడెక్కడ వెళ్ళాయో చూడండి. రోజూ రండి. మీరు చూశాకే మూస్తాం."

"షెడ్డు కప్పు కింద ఉన్నంతవరకు అది ఇల్లు కాదమ్మా. సరుకు. సరుకు చూడటం నా పని కాదు. బయటికొచ్చి నేల మీద నిలబడితేనే అది ఇల్లు, నేను అధికారి." కొంచెం ఆగి, ఎంతో సానుభూతిగా, "నాకు మాత్రం బాధగా ఉండదా?" అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. నిజంగానే బాధగా ఉన్నాడు. ఆ బాధను చూస్తే ఆమె ఒళ్ళంతా కంపరమెత్తింది. పురుగులను చూసినప్పుడు కూడా అంత కాలేదు.

అప్పుడు పిన్ని గుమ్మం దాటి లోపలికి వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. ఆ నల్లటి ముద్ద వైపు ఒకసారి చూసి, గది వైపు చూసి, కిటికీ రెక్క తీసి వేసి, తలుపు గడియ జరిపి చూసుకుంది.

"మూసెయ్యండి నాయనా," అంది మరిదితో. "పైన రంగేస్తే వాసన పోతుంది. నేనుంటాను."

"పిన్నీ!"

"ఏంటే పిన్నీ? బడిలో ఇంతకన్నా కంపు. అక్కడ గడియ కూడా లేదు." అంటూనే ఆమె దగ్గింది. ఒకటి, రెండు, ఆగకుండా. గడియ పట్టుకునే వంగిపోయింది. ఛాతీలోంచి పిల్లికూతలు గదంతా వినబడ్డాయి. గోడలక్క ఆమెను రెండు చేతులతో పట్టుకుని బయటికి, ఎండలోకి లాక్కొచ్చింది. చేతులకున్న నల్లటి జిగురు పిన్ని మంచి చీరకు అంటుకుంది.

"నేను సంతకం పెట్టను," అంది అక్కడి నుంచే.

"వదినా, నలభై కుటుంబాల ఉసురు పోసుకుంటావా?" అన్నాడు మరిది.

"నలభై గోడల వెనక ఇది పెట్టి వాళ్ళని నిద్రపొమ్మంటే తగలదా ఉసురు? నీకు కాదు, వాళ్ళకి తగులుతుంది. ఛాతీలో తగులుతుంది."

"నీ గోడ మీద నీకంత ప్రేమ. మనుషుల మీద లేదు."

"ఉండబట్టే."

"మా అన్న రానీ, చెబుతాను."

"చెప్పు. లారీలో ఈ ముద్ద కూడా వేసి చూపించు."

ఇంజనీరు ఈ గొడవ తనది కాదన్నట్టు నంబరు పలకను కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. మేకులు కూడా లెక్కపెట్టి వెనక్కి వేసుకున్నాడు.

భర్త ఆ రాత్రి ఫోనులో అంతా విన్నాడు. చివరికి, "షెడ్డులో రెండోది ఎంతవరకు వచ్చింది?" అని మాత్రం అడిగాడు.

"ఎందుకు?"

"ఊరికే."

ఊరికే కాదని ఇద్దరికీ తెలుసు. సరుకును చూడటం ఎవరి పనీ కాదని ఆ మధ్యాహ్నమే కదా విన్నది.

తర్వాతి రోజులన్నీ గోడల జట్టు, కప్పు జట్టు అని లేకుండా అందరూ ఆ రెండో ఇంటి మీదే పడ్డారు. దానికి పూత లేదు, జాలీ లేదు. వానే పడని చోట ఉన్నా గోడలక్క బయటి రేకు కూడా తొడిగించింది. పనైపోయాక పిన్నిని తీసుకొచ్చి ఆ ఇంట్లో దించింది. షెడ్డు కప్పు కింద, బరువులెత్తే క్రేనుకూ కోత మరకూ మధ్య. కిటికీ తీస్తే ఎదురుగా రంపం. ఆకాశం కావాలంటే గేటు దాకా నడవాలి. పిన్ని లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. చాలాసేపు తీయలేదు. తీశాక, "మీ మరకి మధ్యాహ్నం కాసేపు నిద్ర ఉండదా?" అని అడిగింది. కప్పు జట్టు పెద్ద ఆ రోజు నుంచి భోజనం వేళను ఇంకొంచెం పొడిగించాడు.

ఆయాసం పోలేదు. కానీ పిల్లికూతలు తగ్గాయి. రాత్రి కూర్చోకుండా పడుకుని నిద్రపోతోంది.

బడిలోని వాళ్ళు చూడటానికి వచ్చారు. గుంపుగా వచ్చి, గోడల మీద అరచేతులు ఆనించి చూసి, బుగ్గలు కూడా ఆనించి చూశారు. వాళ్ళలో చంకన బిడ్డ ఉన్న ఒకామె బయటికొచ్చి గోడలక్కను పైనుంచి కిందకి చూసింది.

"మీ పిన్నికైతే దొరికింది. మా పిల్లలకి మాత్రం సంతకం పెట్టవు."

"ఇలాంటిదైతే పెడతాను. వాళ్ళు అడిగినలాంటిదైతే పెట్టను."

"మాకు ఏదైనా ఒకటేనమ్మా," అని ఆమె నేల మీద ఉమ్మి వెళ్ళిపోయింది.

గోడలక్క ఆ ఉమ్మును చూస్తూ నిలబడింది. అది తనకు తగిందేనేమో అనుకుంది, కాదేమో అనుకుంది. షెడ్డులో చోటున్నంత వరకు, పసిపిల్లలున్న మరో రెండు కుటుంబాలకు ఇళ్ళు మొదలుపెట్టమని జట్టుకు చెప్పింది. మిగతావాళ్ళకు ఆ షెడ్డులో చోటు లేదు. మరిది ఆమె చేతి భోజనం మానేశాడు. ఏదైనా చెప్పాలంటే పక్కనున్న మనిషికి చెప్పేవాడు, ఆమె వినేలా. "ఇవాళ కాకపోతే రేపు ఇంకో ఆఫీసు వాడొస్తాడని చెప్పండి. ఫ్యాక్టరీలో కాపురాలేంటని అడుగుతాడని చెప్పండి."

ముందు వచ్చింది పాత మనిషే. ఎవరో ఫిర్యాదు చేశారట. ఇంజనీరు షెడ్డులోకి నడిచి వచ్చి, క్రేను కిందుగా తలవంచి దాటి, ఆ ఇంటి ముందు ఆగాడు. పైకి చూశాడు. షెడ్డు కప్పు ఉంది. కిందకి చూశాడు. చక్రాల దిమ్మల మీద ఉంది ఇల్లు, నేల మీద కాదు. అతని భుజాలు హాయిగా కిందకి దిగాయి.

"ఇది నా పరిధిలోకి రాదు," అన్నాడు.

"రాకపోతే పోయింది, లోపలికి రండి బాబూ, నిలబడ్డారేం," అంది పిన్ని. మాట్లాడే మనిషి దొరికితే ఆమెకు ఎవరైనా ఒకటే.

రాసే పని లేదు కాబట్టి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. పిన్ని ఇచ్చిన టీ తీసుకున్నాడు, తాగాడు కూడా. వెనక్కి వాలి వీపు గోడకు ఆనించాడు. తల కూడా ఆనించాడు. ఒక్క నిమిషం కళ్ళు మూసుకున్నాడు. బయట మర తిరుగుతోంది, లోపల చప్పుడు సగం కూడా లేదు.

"ఎంత పొడిగా ఉందమ్మా," అన్నాడు. "మా ఇంట్లో పడమటి గోడ ఏటా నెమ్మెక్కుతుంది. సున్నం వేసీ వేసీ విసుగొచ్చింది. ఇలాంటి గది ఒకటి ఉంటే..."

గోడలక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. అతను ఆమె చేసిన గోడకు ఆనుకుని ఉన్నాడు. జుట్టుకు రాసుకున్న నూనె, మెడ చెమట, ఆ సుఖం. ఆమె నోట్లో నీళ్ళూరాయి, వాంతి వచ్చే ముందు ఊరినట్టు.

"ఈ మాట కాగితం మీద రాస్తారా సార్?"

అతను కళ్ళు తెరిచాడు. నొచ్చుకున్నాడు.

"నేనిప్పుడు డ్యూటీలో లేను కదమ్మా," అన్నాడు. టీ కప్పు జాగ్రత్తగా కింద పెట్టి, చేతిరుమాలు తీసి వేళ్ళు తుడుచుకుని, పిన్నికి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అతను గేటు దాటే దాకా ఆగి, గోడలక్క ఒక పొడిగుడ్డ తీసుకుంది. అతని తల ఆనిన చోట నూనె మరక, కొంచెం నిగనిగలాడుతూ. రుద్దింది. పోయింది. పోయాక కూడా రుద్దింది.

"ఏంటే ఆ తుడవడం?" పిన్ని నవ్వింది, దగ్గకుండా. "పెద్దమనిషి కాసేపు ఆనుకుంటే ఏదైనా అంటుకుంటుందా?"

"అంటుకుంటుంది పిన్నీ," అని గోడలక్క గుడ్డ మడత తిప్పి, శుభ్రంగా ఉన్న వైపుతో మళ్ళీ మొదలుపెట్టింది.